ఆర్.సి.ఎం. బడి: రెండు రిజిస్టర్లు, ఒక రైలుపట్టా ముక్క

గుంటూరు, కృష్ణా, పల్నాడు పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఆర్.సి.ఎం. బడి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రోమన్ కాథలిక్ మిషన్ అన్న పూర్తి పేరు బోర్డు మీద రాసుండేదే గానీ ఎవరి నోటా వినపడేది కాదు. మిషను బడి, ఫాదరుగారి బడి, కొన్ని ఊళ్ళలో ఉత్త పేట బడి. పంచాయతీ బడి ఊరి నడుమ ఉంటే ఇది పేట మొదట్లో, గుడిని, అంటే చర్చిని, ఆనుకుని ఉండేది. ఆ ఆనుకుని ఉండటం కూడా తర్వాతి కాలపు మాట. మొదట్లో చాలా చోట్ల గుడీ బడీ ఒకటే.

ఒక తాటాకు పాక. ఓ కొసన గోడకు ఆనించి కట్టిన పీఠం, పీఠం ముందు ఒక తెర. శనివారం సాయంత్రం పేడతో అలికి, ముగ్గేసి, తెర తీస్తే గుడి. సోమవారం పొద్దున తెర వేస్తే బడి. ఒక్కో ఫాదరు కింద పదుల కొద్దీ పల్లెలు ఉండేవి. ఎద్దుబండి మీదో గుర్రం మీదో అన్నీ చుట్టి రావడానికి నెలలు పట్టేది. ఏ పల్లెలోనూ రెండు కట్టడాలు కట్టే డబ్బు ఉండేది కాదు. అందుకే కట్టడం ఒకటే, మనిషీ ఒకడే. పగలు మాష్టారు, పొద్దుగూకాక ఉపదేశి. పిల్లలకు ఓనమాలు, పెద్దలకు జపాలు. ఫాదరు రాని ఆదివారం జపమాల చెప్పించేది, చావుబతుకుల్లో ఉన్న పసిబిడ్డకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చేది, గొడవలొస్తే ఇద్దరినీ కూర్చోబెట్టేది ఆయనే. ఉపదేశి మాష్టారు అని ఒక్క మాటగా పిలిచేవాళ్ళు. ఈ బడుల చరిత్రలో ఫాదర్ల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. ఉపదేశి మాష్టార్ల పేర్లు చాలా చోట్ల జీతాల పట్టీల్లో తప్ప ఎక్కడా లేవు. ఈ బడుల గురించి రాసేవాళ్ళు ముందు ఆ పట్టీలు తెరవాలి.

తెలుగు నేల మీద కాథలిక్కుల కథ ఈ బడుల కంటే పాతది. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్విటు గురువులు పుంగనూరు మీదుగా రాయలసీమలోకి వచ్చారు. అక్కడ మతం పుచ్చుకున్న రెడ్డి కుటుంబాలు కొన్ని తర్వాత ఉత్తరాన గుంటూరు సీమకు వలస వచ్చాయి. ఫిరంగిపురం అలా పెద్ద కేంద్రమైంది. 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో ఇంగ్లండులో పుట్టిన మిల్‌హిల్ మిషనరీ సభ గురువులు వచ్చాక మిషను పల్లెపల్లెకూ పాకింది. ఫిరంగిపురంలో పెద్ద గుడి లేపిన డీక్‌మన్ గారు ఆ సభవారే. విశాఖపట్నం వైపు సాలెసు ఫ్రాన్సిసు సభవాళ్ళు 1846లోనూ, సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లోనూ దిగారు. జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసెఫ్) సిస్టర్లు హాలెండు నుంచి గుంటూరు వచ్చింది 1904లో.

ఆడపిల్లల చదువు దగ్గరికొస్తే మొదట తలవాల్సిన పేరు మాత్రం విదేశీయులది కాదు. జ్ఞానమ్మ గారు ఫిరంగిపురంలో పుట్టిన తెలుగావిడ. భర్త పోయాక 1863లో కీళచ్చేరిలో, అంటే మద్రాసు దగ్గర తెలుగు కాథలిక్కులు స్థిరపడిన ఊళ్ళో, ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ బడి నుంచే పునీత అన్నమ్మ గారి పేరుతో మఠకన్యల సభ పుట్టింది. ఆ కాలంలో ఒక వితంతువు తలుపు తీసి పేద ఆడపిల్లలను లోపలికి పిలవడం ఎంత పెద్ద సంగతో, ఆ ఒక్క ఏడాది అంకె పక్కన కాసేపు ఆగి ఆలోచించాలి.

మాష్టారి జీతం ఎక్కడి నుంచి వచ్చేదన్నది అసలు గట్టి ప్రశ్న. 1854 నాటి వుడ్ డిస్పాచ్, అంటే కంపెనీ పాలకులకు వచ్చిన చదువుల విధానపు లేఖ, తర్వాత ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి మొదలైంది. గుర్తింపు తెచ్చుకుని, హాజరు చూపించి, ఇన్‌స్పెక్టరు తనిఖీ దాటితే గ్రాంటు. మిగతాది మిషను సర్దాలి. విచారణ (ఒక ఫాదరు కింది ఊళ్ళ గుంపు) గురువు కరస్పాండెంటు, ఆయన పైన మేత్రాసనంలో (బిషప్పు కింది ప్రాంతంలో) ఆర్.సి.ఎం. స్కూళ్ళ మేనేజరు. గ్రాంటు వాళ్ళ చేతుల మీదుగా మాష్టారికి అందేది. అది ఆలస్యమైతే ఫాదరు అప్పిచ్చేవారు, లేదా కోమటి కొట్లో ఖాతా పెరిగేది. అందుకే హాజరు పట్టీ అంటే మాష్టార్లకు ప్రాణం. వరికోతలకో మిరపకోతలకో పిల్లలు మాయమయ్యే నెలల్లో సగటు పడిపోతే రెండో మాష్టారి పోస్టుకే ఎసరు. పొద్దున్నే పేటంతా తిరిగి, గేదె మీద కూర్చున్నవాణ్ణి దింపి, చెల్లెల్ని చంకనేసుకున్న పిల్లను చెల్లెలితో సహా తీసుకురావడం వెనక దయా ఉంది, లెక్కా ఉంది. రెండూ కలిస్తేనే ఆ బడి నిలిచింది.

లోపల నాలుగైదు తరగతులకు ఇద్దరు మాష్టార్లు, చాలా చోట్ల మొగుడూ పెళ్ళాలు. మధ్యలో గోడలు లేవు. అలాంటి చోట చదువు సాగాలంటే ఒక పద్ధతి ఉండాలి. ఒకటో తరగతి గుమ్మం దగ్గర, ఎందుకంటే చిన్నవాళ్ళు మాటిమాటికీ బయటికి పోతారు. ఐదో తరగతి పీఠం వైపు. పక్కపక్క తరగతులను వీపులు కలిసేట్టు కూర్చోబెట్టి, బోర్డులు ఎదురెదురు గోడలకు పెట్టేవాళ్ళు. ఒక తరగతి ఎక్కాలు వల్లిస్తుంటే పక్క తరగతికి చూచిరాత. ఆ తరగతికి పాఠం మొదలైతే ఈ తరగతికి లెక్కలు. రెండు తరగతులకు ఒకేసారి నోటి పని ఇచ్చారంటే ఆ గంట పోయినట్టే. కొత్తగా ట్రైనింగు ముగించి వచ్చిన మాష్టార్లు మొదటి నెలలో చేసే తప్పు ఇదే. ఒకటో తరగతికి గుణింతాలు చెప్పే బాధ్యత ఐదో తరగతి పిల్లకు అప్పగించడమూ ఈ పద్ధతిలో భాగమే.

నల్లబల్లకు ఏటా రెండుసార్లు పూత. బొగ్గును మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, దొండాకో గుంటగలగరాకో దంచిన పసరులో కలిపి రుద్దేవాళ్ళు. పసరు ఎక్కువైతే బల్ల నున్నగా మెరిసి సుద్ద జారిపోతుంది, అక్షరం పడదు. తక్కువైతే బొగ్గు పొడి రాలి చేతులకంటుతుంది. బొగ్గులో నలక మిగిలితే గీతలు పడతాయి. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే చెక్క చీలుతుంది. పిల్లల పలకలకూ ఇదే వైద్యం, చేతికి దొరికిన ఆకుతో, గుప్పెడు బొగ్గుతో. రాతిపలకలు మార్కాపురంవి. చెక్క చట్రం మూల వదులైందంటే పలక ఆయుష్షు తీరినట్టే, మూల మీద పడితే రాతిపలక నిలువునా పగులుతుంది. అందుకే తెలిసిన తండ్రులు కొన్న రోజే మూలలకు రేకు ముక్క కొట్టించేవాళ్ళు.

గంట అంటే అడుగున్నర రైలుపట్టా ముక్క, కొట్టడానికి ఒక ఇనుప బోల్టు. చివర్న బెజ్జం వేసి తీగతో చెట్టు కొమ్మకు గాలిలో వేలాడదీయాలి. గోడకు ఆనితే, లేదా నడుముకు బిగించి కడితే చప్పుడు చచ్చిపోతుంది, టంగుమనాల్సింది టక్కుమంటుంది. గుడి గంటను మాత్రం బడికి వాడేవాళ్ళు కాదు. దాని లెక్కే వేరు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపానికి మూడేసి దెబ్బలు మూడుసార్లు, మధ్య మధ్య ఆపి. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ గంట పడగానే బడి మొత్తం లేచి నిలబడేది. రాస్తున్న బలపం రాస్తున్నట్టే ఆగేది. కాథలిక్ పిల్లలు జపం చెప్పేవాళ్ళు, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఐదేళ్ళు విన్నాక "దేవవర ప్రసాదము చేత నిండిన మరియమ్మా" వాళ్ళకీ నోటికొచ్చేసేది, అది వేరే సంగతి.

జ్ఞానోపదేశం, అంటే కాథలిక్ మతపాఠం, మొదటి గంటకు ముందు అరగంట. ఆ టైము ఊరికే పెట్టింది కాదు. గ్రాంటు తీసుకునే బడిలో మతబోధ వినమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. రాజ్యాంగం 28వ అధికరణం ఆ మాట స్పష్టంగా చెప్తుంది. అందుకే బడివేళలకు ముందే అది ముగిసేది. ఆ అరగంట వేరే పిల్లలకు నీతికథలు. తనిఖీకి వచ్చిన అధికారి గోడ మీది టైంటేబుల్లో మొదట చూసే గడి ఇదే. సెలవుల్లోనూ తేడా ఉండేది. దసరాకు తక్కువ, క్రిస్మసుకు ఎక్కువ. విభూది బుధవారం నాడు నుదుట బూడిదతో సగం క్లాసు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మరియమ్మ తిరునాళ్ళ, ఆ మూడు రోజులూ హాజరు పట్టీలో సున్నాలే. ఆగస్టు 15 మరీ ప్రత్యేకం. మరియమాత మోక్షారోపణ పండుగా, స్వాతంత్ర్య దినమూ ఒకే రోజు కావడంతో పూజా, జెండా వందనమూ ఒకే పూట. పూలదండ, కాగితం జెండా, బిళ్ళల పంపకం, అన్నీ పదింటిలోపే.

తిండి సంగతి చెప్పకపోతే ఈ బడి గురించి సగమే చెప్పినట్టు. అమెరికా పి.ఎల్. 480 సాయం కింద పాలపిండి, గోధుమ నూక, మొక్కజొన్న రవ్వ, నూనె వచ్చిన కాలం ఒకటి ఉంది. సంచుల మీద కరచాలనం చేస్తున్న రెండు చేతుల బొమ్మ. పాలపిండి కలపడంలోనే నేర్పంతా. మరిగే నీళ్ళలో పోస్తే ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడవదు. ముందు గోరువెచ్చని నీళ్ళు కొన్నిట్లో జావలా కలిపి, గుడ్డలో వడగట్టి, ఆ పైన మిగతా వేడినీళ్ళు పోయాలి. లీటరుకు వంద గ్రాముల పిండి పోస్తే పాలనిపిస్తాయి, అంతకు తగ్గితే తెల్లనీళ్ళు. సంచి మూతి విప్పి వదిలేస్తే వానాకాలంలో తేమకు పిండి రాయిలా గట్టిపడుతుంది. ఆ ముక్కలను పిల్లలు చప్పరించేవాళ్ళు, ఎవరూ అడ్డం చెప్పేవాళ్ళు కాదు. పొయ్యి మీది ఉప్మా వాసన రెండో తరగతి పాఠాన్ని తినేసేది. అయినా ఆ ఉప్మా కోసమే బడికొచ్చి ఐదో తరగతి దాటినవాళ్ళు చాలామంది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఆకలి తీరాకే అక్షరం అంటుతుంది.

ఇక అసలు సంగతి, రిజిస్టర్లు. ఇలాంటి బడి చరిత్ర తీయాలంటే బీరువాలోని అడ్మిషన్ రిజిస్టరు ఒకటి, గుడి బంగళాలోని జ్ఞానస్నానాల రిజిస్టరు ఒకటి పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకదానితో పని జరగదు.

అడ్మిషన్ రిజిస్టర్లో వరుస సంఖ్య, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, వృత్తి, మతం, కులం, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, చేరిన తేదీ, తరగతి, పుట్టుమచ్చలు, విడిచిన తేదీ, విడిచిన కారణం. పుట్టిన తేదీ గడిలో జూలై 1 కుప్పలుగా కనిపిస్తుంది. అన్ని వందల మంది ఒకే రోజు పుట్టలేదు. కుడిచేతిని తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి అందితే ఐదేళ్ళు నిండినట్టు లెక్క, దానికి తగ్గట్టు మాష్టారు వేసిన తేదీ అది. అసలు తేదీ గుడి రిజిస్టర్లో ఉంటుంది. రెంటికీ ఏడాది, రెండేళ్ళ తేడా మామూలే. ఉద్యోగానికీ పింఛనుకూ బడి తేదీ చెల్లుతుంది, వంశవృక్షం రాసుకోవడానికి గుడి తేదీ పట్టుకోవాలి.

పేర్లు కలవకపోతే కంగారుపడొద్దు. 1960లకు ముందటి గుడి రిజిస్టర్లు చాలావరకు లాటిన్లో ఉంటాయి. అక్కడ పేత్రుస్ అని ఉన్నవాడు పేటలో రాయప్ప. పౌలుస్ చిన్నప్ప, ఎందుకంటే లాటిన్లో ఆ మాటకు చిన్నవాడనే అర్థం. యోహాన్నెస్ అరుళప్ప, అరుళ్ అంటే తమిళంలో దేవుడి దయ. తమిళ మిషన్ల మీదుగా వచ్చిన పేర్లివి. ఇగ్నాసియుస్ ఇన్నాసి లేదా ఇన్నయ్య, యోసేఫుస్ జోజప్ప, ఫ్రాన్సిస్ సవేరియుస్ శౌరి. పుట్టిన తేదీకి ముందు మగపిల్లాడికి నాతుస్ అనీ, ఆడపిల్లకు నాతా అనీ రాస్తారు. లిపి అర్థం కాకపోయినా ఈ రెండు మాటలు గుర్తుపడితే తేదీ దొరుకుతుంది. ఒకే తేదీన పదిమంది పసివాళ్ళకు జ్ఞానస్నానం కనిపిస్తే అది ఫాదరు ఆ పల్లెకు వచ్చిన రోజు. అలాంటి తేదీలు వరసగా రాసుకుంటే ఆయన బండి ఏ నెల ఏ ఊళ్ళో ఆగిందో తెలిసిపోతుంది.

పాత కాగితాలు ఎక్కడ వెతకాలన్నది మేత్రాసనాల హద్దుల మీద ఆధారపడుతుంది. గుంటూరు ప్రాంతం 1928 దాకా మద్రాసు కింద, ఆ తర్వాత నెల్లూరు కింద, 1940 నుంచి సొంత మేత్రాసనం. మొదటి పీఠాధిపతి (బిషప్పు) పొతకమూరి తోమాసు గారు 1942లో బెంగళూరు వెళ్ళాక, 1943 నుంచి 1973 దాకా ముమ్మడి ఇగ్నేషియస్ గారు. బెజవాడ మేత్రాసనం 1937లో, అందులోంచి ఏలూరు 1976లో ఏర్పడ్డాయి. సర్కారు హద్దులూ మారాయి. ఒంగోలు వైపు బడి పాత ఫైల్లో గుంటూరు జిల్లా అని ఉంటే తప్పు కాదు, ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. జీతాల పట్టీ మీద తేదీ చిరిగిపోతే జీతం మొత్తం ఎలా రాశారో చూడండి. రూపాయి, అణా, పై అని మూడు గళ్ళుంటే అది 1957 ఏప్రిల్‌కు ముందటిది. నయాపైసలని ఉంటే ఆ తర్వాత కొద్ది ఏళ్ళది.

కులం గడి దగ్గర జాగ్రత్త అవసరం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవం పుచ్చుకుంటే ఎస్.సి. హోదా పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అతను బి.సి.–సి. (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు) అవుతాడు. అందుకే బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉన్న పిల్లలు కనిపిస్తారు. దాన్ని మోసం అనేవాళ్ళు ఆ గడి నింపే రోజున ఆ తండ్రి ముందున్న దారులెన్నో లెక్కపెట్టి చూడాలి. పాత రిజిస్టరు పుటల ఫోటోలు తీసి అందరికీ కనిపించేలా పెట్టొద్దు. సంవత్సరాలు, సంఖ్యలు, వృత్తులు రాసుకోండి, బతికున్నవాళ్ళ పేర్లు పక్కన పెట్టండి.

ఈ పని తొందరగా జరగాలి. రిటైరైన మాష్టార్ల ఖాళీలు ఏళ్ళ తరబడి నింపకపోవడంతో, ఇంగ్లీషు మీడియం బస్సు పేట మొగదలకే రావడంతో ఈ బడులు ఒక్కొక్కటిగా సన్నగిల్లాయి. 2021 ఆగస్టులో ఎయిడెడ్ (సర్కారు గ్రాంటుతో నడిచే) సంస్థలను ఆస్తులతో గానీ, సిబ్బందిని మాత్రమే గానీ తనకు అప్పగించమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. నిరసనలు వచ్చాక ఆ నవంబరులో ఎయిడెడ్‌గానే కొనసాగే వీలూ ఇచ్చింది. మూతపడిన బడి రికార్డుల కోసం ముందు మండల విద్యాశాఖ కార్యాలయంలో, తర్వాత దగ్గర్లోని బడిలో అడగండి. చేరిన ఏడాది, తండ్రి పేరు తెలిస్తే వెతకడం తేలిక. దొరికిన రిజిస్టరు గోడవారన ఉంటే ముందు పక్కకు జరపండి, చెదలు గోడ నుంచే ఎక్కుతాయి. అతుక్కున్న పుటలను తడి చేసి విడదీయొద్దు, సిరా పాకిపోతుంది. నీడలో రెండు రోజులు గాలికి ఉంచి, సన్నని రేకుతో మెల్లగా లేపాలి.

అడ్మిషన్ రిజిస్టర్లో చివరి గడి, విడిచిన కారణం, ఒక్కో మాటలో ఉంటుంది. వలస. పశువుల కాపు. మరణం. జూన్‌లో వచ్చి కోతలకు వెళ్ళిపోయి, మళ్ళీ జూన్‌లో కొత్త సంఖ్యతో చేరిన అదే పేరు మూడుసార్లు కనిపిస్తుంది. ఆడపిల్లల వరసలో నాలుగో తరగతి దగ్గర వివాహం అని ఉంటుంది, అక్కడితో ఆ పిల్ల బడి పుస్తకంలోంచి తప్పుకుంటుంది. అప్పుడు గుడి రిజిస్టరు తీసి, ఆ పిల్ల జ్ఞానస్నానం నమోదైన వరస పక్క మార్జిన్ చూడాలి. పెళ్ళి జరిగిన విచారణ వాళ్ళు కబురు పంపితే ఆ వివరం అక్కడే ఎక్కించాలని శ్రీసభ (కాథలిక్ సంఘం) నియమం. సన్నని అక్షరాలతో పెళ్ళి తేదీ, వరుడి పేరు, ఏ ఊరి గుడిలో జరిగిందో రాసి ఉంటుంది.